లినక్స్ అడ్మిన్ నేర్చుకోడానికి ఒక్క రిఫరెన్స్ బుక్కే కొనగలిగితే ఏది కొనాలి?

నైట్‌షిఫ్ట్_నాని

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్‌లో ఎల్1 సపోర్ట్‌లో పనిచేస్తున్నా. స్క్రీన్ మీద అలర్ట్ వస్తే టికెట్ రైజ్ చేసి ఎల్2 వాళ్లకి ఫోన్ చేయడం, అంతవరకే నా పని. చదివింది బీకాం, ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా సర్వర్లు ఎక్కువగా రెడ్ హ్యాట్ 8, 9, కొన్ని ఉబుంటు, రెండూ లినక్స్ రకాలే. ఎల్2కి వెళ్లాలంటే లినక్స్ అడ్మిన్ గట్టిగా రావాలి, ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్ హ్యాట్ వాళ్ల అడ్మిన్ సర్టిఫికేషన్ పరీక్ష) కూడా రాసేయ్ అంటున్నారు మా లీడ్ గారు.

అమీర్‌పేటలో కోచింగ్ అయింది, జిరాక్స్ మెటీరియల్ ఉంది, అందులో కమాండ్లు వరసగా రాసి ఉంటాయి గానీ ఏది ఎప్పుడు ఎందుకు వాడాలో ఉండదు. వీడియోలు చూస్తే చూసినంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, రాత్రి రెండింటికి డిస్క్ నిండిపోయిందని అలర్ట్ వస్తే మాత్రం ఆ ముక్క ఏ వీడియోలో ఏ నిమిషంలో చెప్పారో వెతుక్కునే టైమ్ ఉండదు, పైగా ఫ్లోర్ మీదకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. అందుకే పక్కన ఒక పుస్తకం పెట్టుకుందామని.

కోఠీలో సెకండ్ హ్యాండ్ షాపుల్లో చూశా. ఒక షాపాయన డైనోసార్ల బొమ్మ ఉన్న లావు పుస్తకం చూపించి ఓఎస్ అంటే అందరూ ఇదే కొంటారమ్మా అన్నాడు. ఇంకో చోట రెడ్ హ్యాట్ 6 గైడ్ రెండొందలకే ఇస్తానన్నాడు. నా బడ్జెట్ పదిహేనొందల దాకా. ఒక్కటే కొనగలను, ఇంగ్లీష్ మరీ కఠినంగా ఉండకూడదు. ఏది తీసుకోమంటారు?

గోదావరి_గట్టు

నాని గారూ, ఆ డైనోసార్ల పుస్తకం అంటే సిల్బర్‌షాట్జ్, గాల్విన్, గాన్ రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ కాన్సెప్ట్స్. మంచి పుస్తకమే, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సిలబస్ పుస్తకం, గేట్ రాసేవాళ్లు షెడ్యూలింగ్, డెడ్‌లాక్, పేజ్ రీప్లేస్‌మెంట్ దాన్లోంచే చదువుతారు. కానీ అది ఏ ఓఎస్ అయినా లోపల ఎలా ఆలోచిస్తుందో చెప్పే పుస్తకం. మీకు కావాల్సింది మీ ముందున్న లినక్స్‌తో పని ఎలా చేయించుకోవాలో చెప్పేది. ఈ రెండూ వేరు వేరు, షాపుల్లో మాత్రం ఒకే అరలో పెడతారు కాబట్టి చాలామంది అక్కడే తికమక పడతారు. డిస్క్ నిండిన రాత్రి ఆ పుస్తకం తెరిస్తే ఫైల్ బ్లాకులు డిస్క్ మీద ఎలా కేటాయిస్తారో వివరంగా ఉంటుంది, ఏ డైరెక్టరీ తినేస్తోందో కనుక్కోడానికి ఏం కొట్టాలో మాత్రం దొరకదు.

నా సలహా, ముందు డబ్బు పెట్టకండి. విలియం షాట్స్ రాసిన ది లినక్స్ కమాండ్ లైన్ అని ఉంది, ఆయన సొంత సైట్‌లోనే పీడీఎఫ్ ఫ్రీగా పెట్టారు, లైసెన్స్ ప్రకారమే, దొంగ కాపీ కాదు. అచ్చు పుస్తకం రెండో ఎడిషన్ 2019లో వచ్చింది. ఇంగ్లీష్ చాలా తేలిక, చిన్న చిన్న వాక్యాలు. ఒక కమాండ్ చెప్పి, అది కొడితే స్క్రీన్ మీద ఏం వస్తుందో చూపించి, ఆ వచ్చినదాంట్లో ఏ కాలమ్ ఏంటో చెప్తాడు. మీ జిరాక్స్ మెటీరియల్‌లో లేనిది సరిగ్గా అదే. పర్మిషన్లు, ప్రాసెస్‌లు, వీఐ, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, చివర్లో షెల్ స్క్రిప్టింగ్ దాకా వెళ్తుంది. అయితే ఇది అడ్మిన్ పుస్తకం కాదు, సర్వీసులు, యూజర్లు, ఎల్‌వీఎమ్ (డిస్క్ జాగాని భాగాలుగా పంచే పద్ధతి) లాంటివి ఇందులో వెతక్కండి.

ఆ పదిహేనొందలు దీని తర్వాత పుస్తకానికి దాచుకోండి.

ఓరుగల్లు_టక్స్

నాని తమ్మీ, ఆ రెడ్ హ్యాట్ 6 గైడ్ మాత్రం రెండొందలు కాదు ఊరికే ఇచ్చినా తీస్కోకు. ఎందుకో చెప్త, కొంచెం పెద్దగైతది, ఓపిక చేస్కొని చదువు.

రెడ్ హ్యాట్ 6 వచ్చింది 2010ల. 2014ల 7 వచ్చినప్పుడు లోపల మొత్తం మారిపోయింది, సిస్టమ్‌డీ (బూట్‌ల సర్వీసులన్నిటిని లేపి నడిపేది) వచ్చింది. డెబియన్ 8, ఉబుంటు 15.04 సుత 2015ల దాని మీదికే వచ్చినయ్. పాత పుస్తకంల సర్వీస్ స్టార్ట్ చేసుడు ఒక తీరుగ, బూట్‌ల ఆన్ చేసుడు చెక్‌కాన్ఫిగ్ తోని, రన్‌లెవెల్స్, ఇనిట్‌ట్యాబ్ అని ఉంటది. ఇప్పుడు అన్నిటికి సిస్టమ్‌సీటీఎల్. లాగ్ సూడాలంటె జర్నల్‌సీటీఎల్. ఇఫ్‌కాన్ఫిగ్ బదులు ఐపీ కమాండ్, ఆ పాతది కొత్త సర్వర్లల డీఫాల్ట్‌గ ఉండనే ఉండదు. నెట్‌వర్క్ సెట్టింగులు ఎన్‌ఎంసీఎల్ఐ తోని. ఫైర్‌వాల్‌కి ఫైర్‌వాల్‌డీ. 8 నుంచి యమ్ అని కొట్టినా ఎనక పనిచేసేది డీఎన్‌ఎఫ్.

గిది ఉత్తగ పేర్లు మారినయ్ అనుకోకు. 6ల డీఫాల్ట్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4, 7 నుంచి ఎక్స్‌ఎఫ్ఎస్. పాత పుస్తకం సూసి ఎల్‌వీ (ఎల్‌వీఎమ్‌ల ఒక డిస్క్ భాగం) పెంచినంక రీసైజ్2ఎఫ్ఎస్ కొడితె ఎక్స్‌ఎఫ్ఎస్ మీద అది నడ్వది, ఎక్స్‌ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్ కొట్టాలె. ఇంకోటి, ఎక్స్‌ఎఫ్ఎస్‌ని పెద్దగ చేయొచ్చు గని చిన్నగ చేయనీకి రాదు, పాత పుస్తకంల చిన్నగ చేసే స్టెప్పులు మంచిగ రాసి ఉంటయ్, గవి ఈఎక్స్‌టీ4కి. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వర్ మీద గసొంటి పేజీ సూస్కుంట పని చేస్తె ఏమైతదో నువ్వే ఆలోచించు.

అందుకే కొనేముందు షాపుల నిలబడే ఒక పరీక్ష పెట్టు. ముందల పేజీలు కాదు, సక్కగ ఎనకకి పో, ఇండెక్స్ తెరువు. సిస్టమ్‌సీటీఎల్, జర్నల్‌సీటీఎల్, ఎన్‌ఎంసీఎల్ఐ, ఎస్‌ఈలినక్స్ (లినక్స్ లోపలి సెక్యూరిటీ కాపలా) ఉన్నయా సూడు. ఒక్క పేజీ నంబర్ ఉందా, శాన ఉన్నయా సూడు. అటెన్క నీకు ఈ వారంల డ్యూటీల వచ్చిన ఒక నిజం అలర్ట్ తీస్కో. ఉదాహరణకి డీఎఫ్ కొడితె డిస్క్ నూరు శాతం అంటది, డీయూ తోని లెక్కేస్తె సగం సుత రాదు, ఈ తేడా ఎక్కడికెళ్లి వచ్చింది. లేకుంటె జాగా ఉన్నా ఫైల్ రాయనిస్తలేదు, ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాలుండే రికార్డులు) అయిపోయినయ్. ఇండెక్స్ పట్టుకొని ఆ జవాబు దగ్గరికి జల్ది పోగలిగితె అది నీకు పనికొచ్చే రిఫరెన్స్. ఇండెక్స్ రెండు మూడు పేజీలే ఉన్న పుస్తకం ఎంత మంచిగ రాసినా రిఫరెన్స్ కింద పనికి రాదు, నా మాటిను.

పాతయి అన్నీ పారేయమంటలేను మల్ల. సుమితాభ దాస్ యూనిక్స్ కాన్సెప్ట్స్ అండ్ అప్లికేషన్స్ కోఠీలనో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో కనపడితె పట్టుకో. నాలుగో ఎడిషన్ 2006ది, సిస్టమ్‌డీ పుట్టకముందుది. అయినా గ్రెప్, సెడ్, ఆక్, పైపులు, పర్మిషన్లు, వీఐ, ఇవన్నీ 1970ల నుంచి వస్తున్నయ్, వీటికి ముసలితనం లేదు. మనదేశం రచయిత, మన పిల్లలకి ఎక్కడ అర్థం కాదో తెల్సి రాసినట్టు ఉంటది. బూట్, నెట్‌వర్క్, ఫైర్‌వాల్, ప్యాకేజీలు, స్టోరేజ్, ఈ ఐదింటికి మాత్రం కొత్త పుస్తకమే ఉండాలె.

డాలస్_సుబ్బు

ఇక్కడ అందరూ చెప్పింది బాగుంది కానీ నాని అడిగింది రిఫరెన్స్ బుక్. చదివే పుస్తకం వేరు, తిరగేసే పుస్తకం వేరు అని నేను గట్టిగా నమ్ముతాను. పంచాంగాన్ని ఎవరూ ఉగాది నుంచి వరసగా చదవరు కదా, కావాల్సిన రోజు తెరుస్తారు, అలాంటిది కావాలంటే యూనిక్స్ అండ్ లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ హ్యాండ్‌బుక్. ఎవీ నెమెత్ గారు, ఇంకొందరు కలిసి రాసింది. మొదటి ఎడిషన్ 1989లో, ఇప్పుడు దొరికే ఐదోది 2017లో వచ్చింది, 1200 పేజీల పైమాట. నెమెత్ గారు 2013లో టాస్మన్ సముద్రంలో ప్రయాణిస్తున్న పడవతో సహా కనిపించకుండా పోయారు, ఐదో ఎడిషన్ మిగతావాళ్లు పూర్తి చేశారు. నేను ఈ వృత్తిలో ఎవరినైనా గురువు అనుకుంటే ఆవిడనే.

దీని గొప్పతనం ఏంటంటే ఎలా చేయాలో చెప్పి ఆపదు, ఏది చేయకూడదు, ఏది పుస్తకాల్లో బాగుంటుంది గానీ నిజం సర్వర్ల మీద పనికిరాదు అని మొహమాటం లేకుండా చెప్తుంది. రెడ్ హ్యాట్, డెబియన్, ఉబుంటు, ఫ్రీబీఎస్‌డీ తేడాలు అక్కడికక్కడే చూపిస్తుంది కాబట్టి మీలాగా రెండు రకాల సర్వర్లున్న చోట చాలా పనికొస్తుంది. డీఎన్ఎస్ మీద, లాగింగ్ మీద ఉన్న చాప్టర్లు నేను ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ల చేత చదివిస్తుంటాను. 2017 నాటి పుస్తకం కాబట్టి క్లౌడ్, కంటైనర్ల చాప్టర్లు మాత్రం పాతబడ్డాయి.

ఇబ్బంది ఖరీదు. మీ బడ్జెట్‌లో కొత్తది రావడం కష్టం. మీ లీడ్‌ని అడిగి టీమ్ కోసం ఒక కాపీ ఆఫీసు ఖర్చుతో తెప్పించండి, నైట్ షిఫ్ట్ టేబుల్ మీద ఉండాల్సిన పుస్తకం అది, అలా అడగడంలో తప్పేం లేదు.

పాఠాల_పద్మ

గట్టు గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. నేను కాకినాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఓఎస్ చెప్తాను. లోపల ఎలా ఆలోచిస్తుందో అడ్మిన్‌కి అక్కర్లేదు అన్నట్టు చదివితే ఎల్1 నుంచి ఎల్2కి వెళ్తారేమో గానీ అక్కడే ఆగిపోతారు.

టక్స్ గారు చెప్పిన డీఎఫ్, డీయూ తేడానే తీసుకోండి. ఎవరో పెద్ద లాగ్ ఫైల్‌ని ఆర్‌ఎమ్ కొట్టేశారు, దాన్ని ఒక ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. ఆర్‌ఎమ్ తీసేసేది డైరెక్టరీలో ఉన్న పేరుని మాత్రమే, లోపలి ఐనోడ్‌నీ బ్లాకుల్నీ ఎవరూ పట్టుకోనప్పుడే కెర్నల్ వదులుతుంది. డీయూ పేర్ల వెంట నడిచి లెక్కేస్తుంది కాబట్టి దానికి ఆ ఫైల్ కనపడదు, డీఎఫ్ ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది కాబట్టి దానికి తెలుసు. ఎల్ఎస్‌ఓఎఫ్ (ఏ ప్రాసెస్ ఏ ఫైల్ తెరిచిందో చూపించే కమాండ్) కొట్టి ఆ ప్రాసెస్‌ని పట్టుకుని సర్వీస్ రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది. ఈ కమాండ్ బట్టీ పట్టొచ్చు నాని, కానీ ఐనోడ్ అంటే ఏంటో తెలిసినవాడికి బట్టీ అక్కర్లేదు, ఎక్కడ వెతకాలో తనకే తోస్తుంది.

అలాగే ఫ్రీ కమాండ్‌లో మెమరీ అయిపోయినట్టు కనిపించి కంగారుపడి ఎస్కలేట్ చేసేవాళ్లు ఎంతమందో. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని కెర్నల్ ఫైళ్ల క్యాష్‌కి వాడుకుంటుంది, అడిగితే వెనక్కిస్తుంది, చూడాల్సింది అవైలబుల్ అనే కాలమ్. లోడ్ యావరేజ్ నలభై ఉంది, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంది అంటే? లినక్స్‌లో లోడ్ లెక్కలోకి డిస్క్ కోసమో ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదున్న ఫైళ్లు) కోసమో కదలకుండా ఎదురుచూసే ప్రాసెస్‌లు కూడా వస్తాయి. ఇవి ఎల్2 ఇంటర్వ్యూలో అడిగేవే.

అయితే దానికి ఆ డైనోసార్ల పుస్తకమే కొననక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ త్రీ ఈజీ పీసెస్ అని విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే రెమ్జీ, ఆండ్రియా అర్పాచి-దుస్సో దంపతులు రాశారు, చాప్టర్లన్నీ వాళ్ల సైట్‌లో ఫ్రీ. వర్చువలైజేషన్, కంకరెన్సీ, పర్సిస్టెన్స్ అని మూడు భాగాలు. గురువు, శిష్యుడు మాట్లాడుకుంటున్నట్టు చిన్న సంభాషణలు మధ్యమధ్యలో వస్తాయి, భాష బెదిరించదు. మొత్తం చదవాల్సిన పని లేదు మీకు. ప్రాసెస్‌ల మీద మొదటి కొన్ని చాప్టర్లు, మూడో భాగంలో ఫైల్స్ అండ్ డైరెక్టరీస్, ఆ తర్వాత ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని సరిచూసే కమాండ్), జర్నలింగ్ గురించిన చాప్టర్. కరెంట్ పోయి సర్వర్ లేచినప్పుడు ఫైల్ సిస్టమ్ ఎందుకు తనని తాను సరిచూసుకుంటుందో అక్కడ ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. టక్స్ అన్నా, ఇండెక్స్ పరీక్ష నిన్న సాయంత్రం కోఠీలో పెట్టి చూశా, చేతిలోకి తీసుకున్నవాటిలో సగానికి పైగా సిస్టమ్‌సీటీఎల్ దగ్గరే పోయాయి. పద్మ మేడమ్, లోడ్ యావరేజ్ సంగతి మా షిఫ్ట్‌లో ఎవరికీ తెలీదు, అందరికీ చెప్పా. సుబ్బు గారూ, లీడ్‌ని అడిగా, చూద్దాం అన్నారు.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, ఆర్‌హెచ్‌సీఎస్ఏ కోసం ప్రత్యేకంగా ఎగ్జామ్ గైడ్ కొనాలా? రెండు, షాట్స్ పీడీఎఫ్ చదివాక ఆ దాచిన డబ్బుతో కొనే పుస్తకం ఏంటో గట్టు గారు చెప్పలేదు.

గోదావరి_గట్టు

అవునండీ, పేరు చెప్పలేదు. బ్రయాన్ వార్డ్ రాసిన హౌ లినక్స్ వర్క్స్, మూడో ఎడిషన్, 2021ది. రెండోది 2014ది కూడా అక్కడక్కడా అమ్ముతుంటారు, మూడోదే అని చూసి తీసుకోండి. నాలుగొందల పైచిలుకు పేజీలే. కెర్నల్ ఎలా బూట్ అవుతుంది, సిస్టమ్‌డీ మిగతావాటిని ఎలా లేపుతుంది, డిస్కులు, నెట్‌వర్క్, లాగ్‌లు, అన్నీ వరసగా వస్తాయి. పద్మ గారు చెప్పిన లోపలి సంగతులకీ మన చేతిపనికీ మధ్యలో నిలబడే పుస్తకం ఇది, ఆవిడ మాట చదివాక ఇదే సరైంది అని ఇంకా గట్టిగా అనిపిస్తోంది. ధర ఊరూరికీ సైట్‌సైట్‌కీ మారుతుంది, తొందరపడకుండా రెండు మూడు చోట్ల చూడండి.

షాట్స్ పీడీఎఫ్ మీ సొంత వాడకానికి ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి, ఫ్లోర్ మీదకి ఫోన్ తీసుకెళ్లనివ్వరన్నారుగా.

బ్యాష్_భాను

ఎగ్జామ్ గైడ్ గురించి నేను చెప్తా, ఈ మధ్యే రాసి పాసయ్యా. నాని అన్నా, ఆ పరీక్షలో ఆబ్జెక్టివ్ బిట్లు ఉండవు, నిజం మెషీన్ ఇచ్చి పని చేసి చూపించమంటారు. ఇంటర్నెట్ ఉండదు, నీ పుస్తకం ఉండదు, కానీ సిస్టమ్‌లో ఉన్న మ్యాన్ పేజీలు (కమాండ్ల వాడకం చెప్పే సహాయ పేజీలు) ఉంటాయి. అంటే పరీక్షలో నీకున్న రిఫరెన్స్ బుక్ అదొక్కటే, పుస్తకం కొన్నా కొనకపోయినా దాన్ని చదవడం రావాల్సిందే, నైట్ షిఫ్ట్‌లో కూడా అంతే, ఏ సర్వర్‌లోకి లాగిన్ అయితే ఆ సర్వర్‌ వెర్షన్‌కి సరిపోయే పుస్తకం లోపలే ఉంటుంది.

మ్యాన్ పేజీ చూడగానే అందరూ భయపడి మూసేస్తారు ఎందుకంటే పైనుంచి చదువుతారు. పైనుంచి చదవకు. స్లాష్ కొట్టి పెద్దక్షరాల్లో ఎగ్జాంపుల్ అని వెతుకు, నేరుగా ఉదాహరణల దగ్గరికి వెళ్తావు. ఎస్‌ఈలినక్స్ కాంటెక్స్ట్ మార్చడానికి సెమేనేజ్-ఎఫ్‌కాంటెక్స్ట్ పేజీ చివర్లో ఉన్న ఉదాహరణ పాత్ మార్చుకుని వాడితే చాలు. ఎన్‌ఎంసీఎల్ఐకి అయితే ఎన్‌ఎంసీఎల్ఐ-ఎగ్జాంపుల్స్ అని విడిగా ఒక పేజీయే ఉంది. కమాండ్ పేరే గుర్తు లేదా, మ్యాన్ మైనస్ కే అని కొట్టి పక్కన పదం రాయి. ఆ సెక్షన్ నంబర్లు కూడా తెలుసుకో, 1 మామూలు కమాండ్లు, 5 ఫైళ్ల ఫార్మాట్లు, 8 అడ్మిన్ కమాండ్లు. పాస్‌వర్డ్ మార్చే కమాండ్ 1లో ఉంటుంది, అదే పేరుతో ఈటీసీలో ఉన్న ఫైల్‌లో ఏ కాలమ్ ఏంటో 5లో ఉంటుంది, నంబర్ చెప్పకపోతే ముందు 1 చూపిస్తుంది.

గైడ్ కొంటే కొను, ప్రాక్టీస్ ల్యాబులు ఉంటాయి కాబట్టి పనికొస్తుంది, కానీ అట్ట మీద 9 అని ఉందా 10 అని ఉందా చూసి, నువ్వు బుక్ చేసుకునే పరీక్ష వెర్షన్‌తో సరిపోల్చి అప్పుడు కొను. రెడ్ హ్యాట్ సైట్‌లో పరీక్ష ఆబ్జెక్టివ్స్ లిస్ట్ ఫ్రీగా ఉంది, దాన్ని ప్రింట్ తీసి ఒక్కో లైన్ పక్కన ఏ మ్యాన్ పేజీలో దొరుకుతుందో నీ చేత్తో రాసుకో.

ప్రాక్టీస్‌కి ఆఫీస్ సర్వర్లు ముట్టుకోవద్దు. రెడ్ హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ వ్యక్తులకి ఫ్రీ, 16 సిస్టమ్‌ల దాకా పెట్టుకోవచ్చు, అది వద్దనుకుంటే ఆల్మా లినక్స్ లేదా రాకీ లినక్స్ వేసుకో, వర్చువల్‌బాక్స్‌లో రెండు మెషీన్లు పెట్టి ఒకదానికి ఖాళీ డిస్క్ ఇంకోటి తగిలించు. ఏం చేసినా రీబూట్ చేసి మళ్లీ చూడు, ఎందుకంటే రీబూట్ తర్వాత కూడా నిలబడిన సెట్టింగులకే పరీక్షలో లెక్క. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైల్) లైన్ రాశాక మాత్రం రీబూట్ కంటే ముందు మౌంట్ మైనస్ ఏ కొట్టు, అక్కడ తప్పుంటే మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

ఓరుగల్లు_టక్స్

భాను చెప్పింది పక్కా. ఒకటి కలుపుత, మ్యాన్ పేజీల ప్రాజెక్ట్‌ని శాన ఏండ్లు సూస్కున్న మైఖేల్ కెరిస్క్ గారే 2010ల ది లినక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ అని పదిహేనొందల పేజీల పుస్తకం రాసిండు. ఎవరన్న లినక్స్‌కి గదే బైబిల్ అని చెప్తె ఇప్పుడే కొనకు తమ్మీ, గది సీ భాషల ప్రోగ్రాములు రాసెటోళ్లకి, సిస్టమ్ కాల్స్ కోసం. శాన గొప్ప పుస్తకం, గని నీ పనికి కాదు.

నైట్‌షిఫ్ట్_నాని

అర్థమైంది అన్నా. షాట్స్ ప్రింట్‌కి ఇచ్చేశా, వార్డ్ పుస్తకం మూడో ఎడిషన్ ఆర్డర్ పెడతా, గైడ్ ఇప్పుడే వద్దు. చివరిగా ఒక్కటి, ఉబుంటు సర్వర్లకి విడిగా ఏమైనా కావాలా? అక్కడ ప్యాకేజీలు ఏపీటీ కదా.

డాలస్_సుబ్బు

కొనక్కర్లేదు నాని. డెబియన్ అడ్మినిస్ట్రేటర్స్ హ్యాండ్‌బుక్ అని ఉంది, రాఫేల్ హెర్ట్‌జోగ్, రోలాండ్ మాస్ రాశారు, ఫ్రీగా చదువుకోవచ్చు, డెబియన్‌లో ప్యాకేజీగా కూడా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఉబుంటు డెబియన్ మీద కట్టిందే కాబట్టి ఏపీటీ, డీపీకేజీ చాప్టర్లు దాదాపు అలాగే పనికొస్తాయి. నెట్‌వర్క్ చాప్టర్ మాత్రం ఉబుంటుకి వాడొద్దు, ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ ఉంటుంది, దానికి ఉబుంటు వాళ్ల సొంత సర్వర్ డాక్యుమెంటేషన్ చూడండి.